పట్నం సైకిలుకు స్టాండు లేదు!

తెల్లవారక ముందే తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు మీద రెండు రకాల సైకిళ్లు కనబడతాయి. మొదటి రకం పల్లెల నుంచి వచ్చేది. వెనుక క్యారియరుకు పాల క్యానో, ఆకుకూరల గంపో కట్టి వుంటుంది. ఈ రకం ఏటేటా తగ్గిపోతోంది. పాలవాళ్లలో చాలామంది మోటారు సైకిళ్లకు మారిపోయారు. ఇంకా మిగిలిన వాళ్లు రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు, హోటలు పనివాళ్లు, తాపీ పనికి వెళ్లే కూలీలు. వీళ్లలో వ్యాయామం కోసం సైకిలెక్కినవాడు ఒక్కడూ లేడు. వ్యాయామం అంటే అదేదో పని లేనివాళ్లకు డాక్టర్లు రాసిచ్చే మందని వీళ్ల నమ్మకం.

రెండో రకం సైకిలు మీద పెద్దమనిషి వస్తాడు. తలమీద పనసకాయను సగానికి కోసి బోర్లించినట్లు ఒక టోపీ. పొద్దు పొడవక ముందే నల్లద్దాలు. ఒంటికి అతుక్కుపోయిన చొక్కా, దానికి వీపు మీద మూడు జేబులు. నిక్కరు అడుగున పరుపులాంటి మెత్త. చేతులకు తొడుగులు. హ్యాండిలు మీద ఒక ఫోను, దానికి తోడు చేతికి ఒక గడియారం. ఎంత దూరం తొక్కాడో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో రెండూ లెక్క గడుతుంటాయి. ఆ లెక్క ఇంటికి పోగానే స్నేహితులందరికీ ఫోనులో చేరాలి. చేరకపోతే ఆ పొద్దు తొక్కిన తొక్కుడు తొక్కినట్లే కాదట!

మన జిల్లాలో సైకిలంటే ఎన్నికల గుర్తే గుర్తుకొచ్చేవాళ్లు కంగారు పడనక్కరలేదు. ఇది పార్టీ సైకిలు కాదు. షోకు సైకిలు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లో పదిహేనేళ్లుగా ముదిరి, ఇప్పుడు చిన్న పట్టణాలకూ దిగుతున్న సరదా.

లేనివాటికే ధర

పల్లెలో సైకిలు కొనేవాడు మొదట చూసేది క్యారియరు. రెండు చెనిక్కాయ మూటలు వేస్తే ఆగుతుందా, గడ్డిమోపు కడితే వంగుతుందా అని గుంజి చూస్తాడు. తరువాత స్టాండు. ఆ తరువాత మడ్‌గార్డు, చైను కవరు, బెల్లు. పంచె చైనులో పడకూడదు, బురద వీపు మీదికి ఎగరకూడదు, ఎదురొచ్చే ఎనుము పక్కకు తొలగాలి. చెన్నై పక్కన అంబత్తూరులో 1949లో మొదలైన టి.ఐ. కంపెనీ హెర్క్యులిస్ సైకిలైనా, అసన్‌సోల్ నుంచి వచ్చిన రాలీ అయినా, సోనేపట్ అట్లాస్ అయినా ఈ లెక్క మీదే మన వూళ్లలో నిలబడ్డాయి. ఇరవై కిలోల ఇనుము. దాని మీద ఇంకో వంద కిలోల బరువు. పైన మనిషి. అల్లుడికి కట్నం కింద వాచీ, రేడియోలతో పాటు సైకిలు అడిగిన రోజుల్లో అది ఆస్తి కింద లెక్క.

పట్నం షోకు సైకిలును ఈ కళ్లతో చూస్తే మతిపోతుంది. క్యారియరు లేదు. మడ్‌గార్డు లేదు. చైను కవరు లేదు. చాలావాటికి స్టాండు కూడా లేదు. ఎక్కడైనా దిగితే గోడకో, చెట్టుకో, మరో షోకు సైకిలుకో ఆనించాలి. అన్నీ వున్న సైకిలు ఆరేడు వేలకు వస్తుంటే, ఏమీ లేని సైకిలు అరవై వేలు! అది కూడా మొదటి మెట్టే. బొగ్గు పోగులతో చేసిన ఫ్రేము కావాలంటే లక్షల మీదికి పోవాలి. పది లక్షలు దాటినవీ వున్నాయి. ఆ డబ్బుతో జత ఎద్దులు, నాలుగు పాడి ఆవులు కొని, మిగిలిన దానితో బోరు వేయించుకోవచ్చని సంతలో పెద్దాయన ఎవరైనా అంటే తప్పు పట్టలేం.

ఇంత ధర ఎందుకయ్యా అంటే, తేలిక కోసమట. పందెం సైకిలు 6.8 కిలోల కన్నా తేలిగ్గా వుండరాదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2000 నుంచి నియమం పెట్టింది. అంటే ఇంకా తేలిగ్గా చేయగలరు, చేయవద్దని ఆపారన్న మాట. పందెం కాసేవాడికి ఆ కిలో, అరకిలో తేడా ముఖ్యమే. కాదనలేం. కానీ సైకిలు బరువు ఒక్క కిలో తగ్గించడానికి లక్ష రూపాయలు ఖర్చుపెట్టిన పెద్దమనిషి, తొక్కుడు ముగియగానే హోటల్లో దూరి నేతి దోసెలు రెండు, పైన పొంగలి పట్టిస్తే ఆ కిలో ఎక్కడికి పోయినట్లు?

కారెక్కిన సైకిలు

మనిషిని మోయడానికి సైకిలు పుట్టింది. పట్నంలో సైకిలును మోయడానికి కారు కావాలి. కారు వెనుక ఒక ఇనుప కొక్కెం బిగించి, దానికి సైకిలును వేలాడదీసి, నలభై కిలోమీటర్లు కారు తోలుకుని పోయి, అక్కడ సైకిలు దించి ఇరవై కిలోమీటర్లు తొక్కి, మళ్లీ కారుకు కట్టుకుని ఇల్లు చేరడం ఇప్పటి ఆనవాయితీ. బెంగళూరు నుంచి ఇట్లాగే మదనపల్లె దాకా వచ్చి హార్స్‌లీ హిల్స్ ఎక్కే జట్లు వున్నాయి. కొండ ఎక్కడం మాత్రం నిజంగా కష్టమే. ఆ మలుపుల్లో చెమటోడ్చి ఎక్కేవాణ్ణి చూసి నవ్వలేం.

హైదరాబాదులో ఈ సరదాకు ప్రభుత్వమే రాజమార్గం వేసింది. అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున సైకిలు దారి కట్టి, దానిమీద కప్పు వేసి, ఆ కప్పుకు సౌర విద్యుత్ పలకలు పరిచారు. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. ఎండ తగలదు, వాన తగలదు, రాత్రి దీపాలు. దేశంలో ఇట్లాంటిది మరొకటి లేదని గొప్పగా చెప్పుకున్నారు. గొప్పదే. కాకపోతే అది ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పోయే దారి కాదు. సిమెంటు పనికి పోయే మేస్త్రీ ఆ నీడ పట్టున తొక్కాలంటే ముందు మామూలు రోడ్డు మీద బస్సుల మధ్య ప్రాణాలు అరచేత పట్టుకుని అక్కడికి చేరాలి.

బ్రేకు లేకపోవడమూ ఒక ఫ్యాషనే!

బ్రేకు కట్టలు అరిగిపోయిన సైకిలు ప్రతి వూళ్లోనూ ఒకటుంటుంది. దాన్ని ఆపాలంటే చెప్పుకాలు ముందు చక్రానికి అదిమి పట్టాలి. చెప్పు అరిగినా బ్రేకు కట్టలు మాత్రం మార్పించరు. ఇది మన వూళ్లో పిసినారితనం. పట్నంలో ఫ్యాషన్! ‘ఫిక్సీ’ అని పేరు. దానికి ఫ్రీవీలు వుండదు, చాలామంది బ్రేకు కూడా పెట్టించరు. చక్రం తిరిగినంత సేపూ పెడళ్లు తిరుగుతూనే వుంటాయి. ఆపాలంటే కాళ్లతో ఎదురు తొక్కాలి. గుండ్రటి పందెపు మైదానంలో తొక్కడానికి పుట్టిన సైకిలు అది. న్యూయార్కులో ఉత్తరాలు, కాగితాలు బట్వాడా చేసే కుర్రాళ్లు చౌకగా వుంటుందని, మరమ్మతు తక్కువని వాడుకున్నారు. వాళ్లను చూసి 2000 తరువాత కళాశాల కుర్రాళ్లు, కాఫీ దుకాణాల్లో కూర్చునేవాళ్లు ఎగబడ్డారు. పేదవాడు గత్యంతరం లేక చేసిన పని పదేళ్ల తరువాత వున్నవాడికి షోకు కావడం ఒక్క సైకిలులోనే కాదు. రాగి సంగటి కథా ఇదే. పుంగనూరు పొట్టి ఆవు కథా ఇదే. మన వాళ్లు వదిలేసిన ఆవు ఇప్పుడు నగరాల్లో మేడ మీద పెంచుకునే ముచ్చట అయింది.

ఇంకో రకానికి నాలుగంగుళాల మందం చక్రాలు. మంచులోనూ ఇసుకలోనూ దిగబడకుండా తొక్కడానికి చేసినవి. వాటిని తెచ్చి నున్నటి తారు రోడ్డు మీద తొక్కుతూ, బరువుగా వుందని రొప్పుతారు. స్వర్ణముఖి ఇసుకలో తొక్కి చూపిస్తే అప్పుడు ఒప్పుకోవచ్చు.

పిల్లల సైకిలుకైతే పెడళ్లే తీసేశారు. కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. దీనివల్ల తూకం త్వరగా అలవడుతుందంటారు. నిజమే కావచ్చు. కానీ 1817లో జర్మనీలో కార్ల్ డ్రయిస్ అనే ఆయన మొట్టమొదట చేసిన రెండు చక్రాల బండి సరిగ్గా ఇట్లాగే వుండేది. దానికి పెడళ్లు బిగించడానికి లోకానికి దశాబ్దాలు పట్టింది. మళ్లీ విప్పడానికి ఎక్కువ ధర తీసుకుంటున్నారు. మన పిల్లలు నాయన సైకిలు తీసుకుని, బారు కింద నుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ నేర్చుకున్నారు. తూకం అలవడింది. మోకాళ్ల తోలు మాత్రం పోయింది.

ఇక బూట్ల సంగతి. ఖరీదైన సైకిళ్లకు బూటు అడుగున ఒక కొక్కెం వుండి, అది పెడలుకు తాళం పడినట్లు పట్టుకుంటుంది. విడిపించాలంటే మడమ పక్కకు తిప్పాలి. సిగ్నలు దగ్గర ఎర్రదీపం వెలిగినప్పుడు కొత్తవాళ్లు ఆ సంగతి మరచిపోతారు. సైకిలు ఆగుతుంది, కాలు నేలకు రాదు. మనిషి నరికిన అరటిచెట్టులా పక్కకు ఒరుగుతాడు. జిల్లాలో తొక్కేవాళ్లకు ఒక్క ధైర్యం, పుత్తూరు కట్టు దగ్గర్లోనే వుంది.

గానుగెద్దు తొక్కుడు

అన్నిటినీ మించిన విడ్డూరం కదలని సైకిలు. దానికి రోడ్డే అక్కరలేదు. ఇంట్లో నేలకు ఆనించి వుంటుంది. ముందు ఒక టీవీ తెర. తెరలో ఒక మాస్టరమ్మ ‘ఇంకా వేగం, ఇంకా వేగం’ అని అదిలిస్తుంటుంది. గంటసేపు తొక్కినా గడప దాటడం వుండదు. గానుగెద్దు కనీసం గుండ్రంగానైనా తిరిగేది, చివర్లో నూనె దిగేది. ఇక్కడ దిగేది చెమట ఒక్కటే. అమెరికాలో 2012లో మొదలైన పెలొటన్ అనే కంపెనీ ఈ రకం సైకిలును రెండు వేల డాలర్ల పైచిలుకుకు అమ్మింది. 2020లో కరోనా వచ్చి జనం ఇళ్లలో చిక్కుకున్నప్పుడు అడిగినవారికి అందించలేకపోయింది. తలుపులు తెరుచుకోగానే గిరాకీ పడిపోయింది. 2022 ఫిబ్రవరిలో 2,800 మందిని ఉద్యోగాల నుంచి తీసేసింది. కొన్నవాళ్ల ఇళ్లలో ఇప్పుడా సైకిళ్ల మీద ఏం ఆరేస్తున్నారో ఆడవాళ్లను అడగాలి.

ఒకేచోట తిరగడం మన పల్లెలకు కొత్త కాదు. ఒకప్పుడు వూరి బయట మైదానంలో నిర్విరామ సైకిలు ప్రదర్శన జరిగేది. ఎక్కడి నుంచో వచ్చిన కుర్రాడు ఐదు రోజులో, వారం రోజులో కాలు కింద పెట్టకుండా గుండ్రంగా తిరిగేవాడు. తిండి సైకిలు మీదే. స్నానం సైకిలు మీదే. మైకులో సినిమా పాటలు. రాత్రి పూట ట్యూబులైట్ల కింద జనం గుంపు. పెద్దలు రూపాయి నోట్లు చొక్కాకు గుచ్చేవారు. చివరి రోజు ట్యూబులైట్లు ఛాతీ మీద పగలగొట్టుకునేవాడు. అది పొట్టకూటి కోసం. ఇప్పటి తొక్కుడు పొట్ట తగ్గడం కోసం.

ఇదే కోవలో దూర ప్రయాణాలవాళ్లను మాత్రం వేరు చేసి చెప్పాలి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేసి, దారిలో చీటీ మీద ముద్రలు వేయించుకునే పద్ధతి ఫ్రాన్సులో పుట్టింది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో ఆ జట్లు వున్నాయి. వీళ్లకు బహుమతి డబ్బు లేదు, వెనుక కారు సాయం లేదు. పంక్చరు పడితే తామే వేసుకోవాలి. రాత్రిళ్లు ఏదో అంగడి అరుగు మీద అరగంట కునుకు తీసి మళ్లీ బయలుదేరతారు. వీళ్లను చూసి పల్లెటూరి సైకిలు మనిషి ‘వీడు మనోడే’ అనుకుంటాడు.

అద్దె సైకిలుకు కొత్త వేషం

పాత రోజుల్లో ప్రతి బస్టాండు దగ్గరా అద్దె సైకిలు అంగడి వుండేది. మడ్‌గార్డు మీద నెంబరు. గంటకు పావలో, అర్ధ రూపాయో. అంగడాయన అట్టబుక్కులో పేరు, టైము రాసుకునేవాడు. హామీ ఏమిటంటే, ‘నువ్వు ఫలానావాళ్ల అబ్బాయివి కదూ’ అన్న ఒక్క మాట. పది నిమిషాలు ఆలస్యమైతే వాదన. గాలి తక్కువుందని ఇంకో వాదన.

అదే వ్యాపారం ఫోనెక్కి ‘బైక్ షేరింగ్’ అయింది. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో మొదలైనప్పుడు స్టేషను దగ్గర ఈ అద్దె సైకిళ్లు పెట్టారు. చైనాలో అయితే వేలం వెర్రిగా పోయింది. 2014లో పెకింగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుపెట్టిన ఓఫో అనే కంపెనీ లక్షల సైకిళ్లు వీధుల్లో వదిలింది. ఎక్కడైనా ఎక్కవచ్చు, ఎక్కడైనా పడేయవచ్చు. పోటీకి మరిన్ని కంపెనీలు దిగాయి. ఫుట్‌పాత్‌లు నిండిపోయాయి. మునిసిపాలిటీలవాళ్లు ఎత్తుకుపోయి పొలాల్లో గుట్టలు పోశారు. సైకిళ్ల వల్లకాడు! 2018 చివరికి ఓఫో చేతులెత్తేసింది. డిపాజిట్టు తిరిగి ఇవ్వమని కోటిమందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. అట్టబుక్కు అంగడాయన ఇట్లా ఎన్నడూ మునగలేదు. ఆయనకు తన పది సైకిళ్లూ ఎవరి దగ్గర వున్నాయో తెలుసు.

పట్నంవాళ్లను అన్నంత మాత్రాన పల్లెకు షోకు లేదని కాదు. హబ్బుకు రంగుల కుచ్చు, హ్యాండిలుకు ప్లాస్టిక్ తోరణాలు, సీటుకు అంచుల కవరు, వెనుక మడ్‌గార్డు మీద సినిమా హీరో బొమ్మ, అవసరం లేకపోయినా రెండు బెల్లులు. ఆయుధపూజ నాడు సైకిలు పెళ్లికొడుకులా వుండేది. తెల్లదొరల దేశాల్లో 1890లలో సైకిలు పిచ్చి పట్టినప్పుడు, ఆడవాళ్లు తొక్కితే ముఖం వికారంగా మారిపోతుందని కొందరు డాక్టర్లు భయపెట్టారు. ఆ డాక్టర్లు పోయారు. ఆడవాళ్లు తొక్కుతూనే వున్నారు.

బిళ్ల కట్టించుకున్నారు, దారి ఇవ్వలేదు

నవ్వులాట అటుంచితే, ఒక లెక్క చూడాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలు వుంది. ఒకప్పుడు ఆ సైకిలుకు పంచాయతీవాళ్లు, మునిసిపాలిటీవాళ్లు పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేవారు. లైటు లేకపోతే, ఇద్దరెక్కితే పోలీసులు గాలి తీసేవారు. ఇన్ని తీసుకున్నవాళ్లు సైకిలుకు రోడ్డు మీద మూరెడు చోటు మాత్రం గీసివ్వలేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిలు మీద వున్నవాళ్లు నాలుగు వేలకు పైనే. వీళ్లలో ఎక్కువమంది పది లక్షల సైకిలువాళ్లు కారని వేరే చెప్పనక్కరలేదు.

చిత్తూరు–తిరుపతి రోడ్డు ఆరు వరుసలైంది. బస్సుకు, లారీకి, కారుకు మేలు జరిగింది. రోడ్డుకు ఇటు ఇల్లు, అటు చేను వున్న రైతుకు మాత్రం నడుమ గోడ లేచింది. చుట్టూ తిరిగి వస్తే దూరం. అందుకని ఎదురు దారిన తొక్కుతాడు. తప్పే. కానీ వీపు మీద గడ్డిమోపుతో వున్నవాణ్ణి చుట్టు తిరిగి రమ్మని చెప్పేది ఎవరు? బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా చిత్తూరు జిల్లా మీదుగానే పోతుంది. ఎక్స్‌ప్రెస్‌వే అంటేనే సైకిలుకు, ఎడ్లబండికి చోటు లేని రోడ్డు. పక్క దారులు సక్రమంగా వేస్తే పేచీ లేదు.

2020లో కేంద్రం నగరాలకు సైకిలు పోటీ పెట్టింది. వందకు పైగా నగరాలు పేరిచ్చాయి. గెలిచిన 11 నగరాలకు తలా కోటి రూపాయలు ప్రకటించారు. అందులో తెలుగు నగరం వరంగల్ ఒక్కటే. పల్లెలకు ఇట్లాంటి పోటీ ఎవరూ పెట్టలేదు. అదే 2020లో, జూన్ 3న ప్రపంచ సైకిలు దినం నాడే, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని అట్లాస్ సైకిలు ఫ్యాక్టరీ మూతపడింది. కూలివాడి నల్ల సైకిలు చేసిన పేరు అది.

సైకిలు ఎవరికి ఎందుకు కావాలో చూడాలంటే బడి వదిలే వేళ చూడాలి. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిస్తే, హైస్కూల్లో చేరే పిల్లలు నూటికి 32 వంతులు పెరిగారని పరిశోధకులు లెక్క తేల్చారు. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. మూడు నాలుగు మైళ్ల దూరంలో హైస్కూలు వున్న పిల్లకు సైకిలు వుంటే చదువు, లేకపోతే పెళ్లి. ఆ పిల్ల తొక్కిన దూరాన్ని ఏ ఫోనూ లెక్క పెట్టడం లేదు. మరి ఆమె తొక్కే రోడ్డు అంచున కంకర తేలి, కంపచెట్లు అడ్డం వచ్చి వుంటే ఎవరైనా చూస్తున్నారా? 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జి.ఎస్.టి.ని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. సంతోషమే. ఆరు వేల సైకిలుకూ 5, ఆరు లక్షల సైకిలుకూ 5.

ఈ రెండు రకాల సైకిళ్లూ కలుసుకునే చోటు ఒక్కటే వుంది. పంక్చరు అంగడి. షోకు సైకిలుమనిషి తన చేతిపంపు ఇంట్లో మరచి, పాకాల దాటాక గాలి పోగొట్టుకుంటే, తోసుకుంటూ వచ్చి ఆ రేకుల కొట్టు ముందు నిలబడవలసిందే. అప్పుడు తెలుస్తుంది, ఆ పంపు దీనికి పట్టదని. మామూలు సైకిలు ట్యూబు మూతి లావు. ఖరీదైన సైకిలుకు మూతి సూదిలా సన్నం. మధ్యలో గోరంత ఇత్తడి తొడుగు వుంటే పని జరిగిపోతుంది. లేకపోతే అంత ఖరీదైన సైకిలూ పాల వ్యాను ఎక్కి తిరుపతికి పోవాలి. పెద్ద రోడ్ల పక్కన అంగళ్లవాళ్లు ఆ తొడుగు ఒకటి తెచ్చి పెట్టుకుంటే ఆదివారాల్లో గిరాకీ తగలవచ్చు. గాలికి ఎంత అని అడిగితే, ముందు సైకిలు ధర కనుక్కుని ఆ తరువాత చెప్పాలి.